నేను సంతకం పెట్టని ఆంప్లిఫయర్

పోయిన నెలలో గుంటూరు పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు నన్ను పిలిచి, ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. మోకాళ్ళ నొప్పులున్నదాన్ని కాబట్టి మెట్లెక్కించరు కదా అని ముందే అడిగి తెలుసుకుని మరీ వెళ్ళాను. నన్ను పరిచయం చేసిన కుర్ర లెక్చరరు, పాపం ఎంతో మర్యాదగానే, ఆడవాళ్ళు స్క్రూడ్రైవరు పట్టుకోవడానికే జంకే రోజుల్లో వైర్‌లెస్ సెట్లు రిపేరు చేసిన మేడమ్‌గారు అని చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మైకు అందుకుని, రిపేరు కాదు నాయనా, డిజైన్ అన్నాను. అతను నవ్వుతూ, అదేనండి అన్నాడు.

అదే కాదు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. రిపేరు చేయడం తక్కువ పనని నా ఉద్దేశం కాదు. ఆ పనీ చేశాను, దానితోనే కొన్నేళ్ళు అన్నం తిన్నాను. కానీ ఒకరు తయారుచేసిన వస్తువును బాగుచేయడం వేరు, ఇది ఇలా ఉండకూడదు, ఇదిగో ఇలా ఉండాలి అని చెప్పి ఆ మాట మీద నిలబడడం వేరు. అలా నిలబడినందుకు నా ఉద్యోగం పోయింది. అందుకే ఇంత వయసొచ్చినా ఆ ఒక్క మాట దగ్గర రాజీపడలేను. స్టేషను కోసం రేడియో ముల్లు మెల్లమెల్లగా తిప్పిన చేతులున్నవాళ్ళు, నా ఈడు వాళ్ళు చదువుతారన్న ఆశతో ఇదంతా రాస్తున్నాను.

మాది అద్దంకి వైపు, సాగర్ నీళ్ళు అందీ అందని చివరి భూముల ఊరు. నాన్న పత్తీ మిరపా వేసేవాడు. చివరి భూములంటే ఏమిటో కాలువ కింద సేద్యం చేసినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. పైనున్న ఊళ్ళన్నీ తడుపుకోగా మిగిలినవే మా నీళ్ళు. అవి ఎప్పుడొస్తాయో, అసలొస్తాయో రావో తెలియక, నాన్న సైకిలేసుకుని గట్టు వెంట షట్టర్లుండే లాకు దాకా వెళ్ళి అడిగి వచ్చేవాడు. ఆయన ఆ కబురు పట్టుకుని ఇంటికొచ్చేసరికి నీళ్ళు వచ్చి, పక్కవాళ్ళ చేలోకి మళ్ళి, అయిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు ఆయన ఎవరినీ ఏమీ అనేవాడు కాదు గానీ, సైకిలు మాత్రం గోడకేసి గట్టిగా కొట్టేవాడు.

గుంటూరులో మా మేనత్త ఇంట్లో ఉండి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాను. క్లాసులో ఆడపిల్లలం ఇద్దరం. రెండో అమ్మాయి పెళ్ళి కుదిరి మధ్యలోనే మానేసింది. చదువయ్యాక ఊరి బయట పారిశ్రామికవాడలో, రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న కంపెనీలో చేరాను. వైర్‌లెస్ సెట్లు తయారుచేసేవాళ్ళు. దాచేపల్లి వైపు క్వారీలకూ, రైసుమిల్లుల వాళ్ళకూ, లారీల వాళ్ళకూ అమ్మేవాళ్ళు. అందులో ఆడపిల్లలకు సోల్డరింగ్ బల్ల, మగవాళ్ళకు డిజైన్ గది. అలా అని ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, గది తలుపు మాత్రం ఎప్పుడూ మాకు మూసే ఉండేది.

ఆ తలుపు నాకు తెరిచింది మద్రాసు నుంచి వచ్చి పనిచేస్తున్న డిజైన్ ఇంజనీరుగారు. పెద్దాయన, అరవ యాసతో తెలుగు మాట్లాడేవారు. సన్నటి రాగి తీగను డ్రిల్లు బిట్టు మీద చుట్టి కాయిల్ చేయడం మా పనుల్లో ఒకటి. నేను చుట్టినవి ఒకదానికొకటి తేడా లేకుండా వస్తున్నాయని గమనించి, ఈ కాయిల్ ఎందుకుందో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. అయితే తెలుసుకోవా అన్నారు. అంతే, మర్నాటి నుంచి భోజనాల తర్వాత ఆ గదిలోనే నా బడి. రాగి రేకు మీద గోళ్ళరంగుతో గీతలు గీసి మందులో ముంచితే, మిగతా రాగి కరిగిపోయి ఆ గీతలే సర్క్యూట్‌గా మిగిలేవి. అలా జన్మలో ఒక్కసారి కూడా గోళ్ళకు రంగు వేసుకోని నేను, గుంటూరు ఫ్యాన్సీ షాపులో సీసాల కొద్దీ గోళ్ళరంగు కొనేదాన్ని. ఆ మందు మరకలతో చేతివేళ్ళు ఎప్పుడూ పసుపుపచ్చగా ఉంటే, సెలవుకి ఇంటికెళ్ళినప్పుడల్లా అమ్మ సున్నిపిండి పెట్టి తోమేది.

ఆంప్లిఫయర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. మనం మాట్లాడిన మాట సెట్టులో చాలా బలహీనమైన తరంగంగా పుడుతుంది. దాన్ని మెట్టుమెట్టుగా పెంచి, యాంటెన్నాలోంచి మైళ్ళ దూరం పోయేంత శక్తినిచ్చేది ఆంప్లిఫయర్. పెంచడం పెద్ద కష్టం కాదు. పెరిగినదాంట్లో కాస్త వెనక్కి జారి మళ్ళీ మొదటికి చేరిందంటే మాత్రం, ఎవరూ మాట్లాడకపోయినా అది తనంతట తనే అరవడం మొదలుపెడుతుంది. పెళ్ళిపందిట్లో మైకు స్పీకరుకి ఎదురొస్తే చెవులు పగిలేలా కూస్తుందే, సరిగ్గా అదే. కాకపోతే ఇక్కడ ఆ కూత చెవికి వినపడదు. మీటరు ముల్లు వణుకుతుంది, ట్రాన్సిస్టరు కాలిపోయేంత వేడెక్కుతుంది, చూస్తుండగానే టప్‌మని పేలిపోతుంది. మామూలు కరెంటు పనిలో తీగ అంటే తీగే. ఈ పనిలో అలా కాదు, తీగ పొడవూ వంపూ అన్నీ సర్క్యూట్‌లో భాగాలే. పెద్దాయన నాకు నేర్పిన వాటిలో ముఖ్యమైంది ఇదే.

ఆరోగ్యం బాగోక ఆయన మద్రాసు వెళ్ళిపోయారు. ఆ కుర్చీలో ఎవరినీ వేయలేదు. హోదా ఏమీ ఇవ్వకుండా ఆ పని మాత్రం నాకు అప్పజెప్పారు. నేను కాదనలేదు, హోదా కంటే ఆ గదిలో ఉండడమే నాకు కావలసింది.

సరిగ్గా అప్పుడే కాలువ ఆఫీసు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. లాకుల దగ్గర ఉండే లస్కర్లందరికీ, అంటే షట్టర్లు ఎత్తి దించే మనుషులకు, తలా ఒక వైర్‌లెస్ సెట్టు. పై లాకులో నీళ్ళు వదిలితే కింది లాకుకి ఆ నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ కబురు విన్నప్పుడు నా సంతోషం మీకెలా చెప్పను? నాన్న సైకిలు ఇక గోడకు తగలక్కర్లేదనుకున్నాను.

సెట్టులో చివరి మెట్టు ఆంప్లిఫయర్ మాత్రం నన్ను గీయనివ్వలేదు. మా మేనేజరుగారు ఎక్కడి నుంచో తయారుగా ఉన్న డ్రాయింగు తెచ్చి, దీన్నే దించమన్నారు. దించాం. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పని ఆగకూడదని బయట ఆగివున్న కంపెనీ జీపు బ్యాటరీ నుంచి కిటికీలోంచి పొడుగాటి తీగలు లాగి సెట్టుకి తగిలించాను. మాట్లాడే బటను నొక్కగానే ముల్లు వణికింది. వేలు పెట్టి చూసేలోపే ట్రాన్సిస్టరు పేలింది. ఇంకొకటి వేశాను, అదీ పోయింది. పొట్టి తీగలతో పెడితే మళ్ళీ శుభ్రంగా పనిచేస్తోంది. కారణం తీగల పొడవేనని అర్థమయ్యాక వారం రోజులు దాని మీదే కూర్చున్నాను. బ్యాటరీ తీగ లోపలికి వచ్చేచోట చిన్నదీ పెద్దదీ రెండు కెపాసిటర్లు, ట్రాన్సిస్టరు ముందున్న చోక్ అనే కాయిల్‌కి అడ్డంగా ఒక చిన్న రెసిస్టరు, అంతే నేను చేర్చినవి. ఆ తర్వాత ఎంత పొడుగు తీగ పెట్టినా, యాంటెన్నా ఊడబీకినా అది అరవలేదు, పేలలేదు. కాకపోతే బయటికొచ్చే శక్తి కాస్త తగ్గింది.

మేనేజరుగారికి ఆ తగ్గిన ముక్క ఒక్కటే కనబడింది.

"పవరు తగ్గిందిగా?"

"కొంచెం తగ్గిందండి. కానీ సెట్టు చావదు."

"రాసిచ్చిన పవరు రావాలమ్మాయ్. వాళ్ళు బ్యాటరీ ఎక్కడ పెట్టుకుంటారో మనకెందుకు? మన బల్ల మీద పాసయితే పాసయినట్టే."

"కాలువ గట్టు మన బల్ల కాదు కదండీ."

ఆయన టెస్టు కాగితాలు నా ముందుకు తోసి, సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. అరిచి చెప్పలేదు, మామూలుగానే చెప్పాను. అలా చెప్పడమే ఆయనకు ఎక్కువ కోపం తెప్పించిందని తర్వాత తెలిసింది. టెస్టింగులో ఉన్న ఇంకొకతనితో సంతకాలు పెట్టించారు. నేను మర్నాటి నుంచి మళ్ళీ సోల్డరింగ్ బల్ల దగ్గరే. పక్కన కూర్చునే ఆడపిల్లలు, ఎందుకక్కా నీకీ పంతం అన్నారు. పంతమే. పంతం అనే మాట ఆడవాళ్ళ విషయంలో తప్పులా, మగవాళ్ళ విషయంలో పట్టుదలలా ఎందుకు వినపడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఏడు పత్తి కాయలు పగిలే వేళకు వాన పట్టుకుంది. కాలువ అప్పటికే నిండుగా పారుతోంది. మా ఊరికి పైనున్న లాకు దగ్గర గట్టు నానిపోయి జారుతుండడం చూసి, అక్కడి లస్కరు పైనుంచి నీళ్ళు తగ్గించమని చెప్పడానికి సెట్టు బటను నొక్కాడు. సెట్టు పేలింది. మనిషి ఆ వానలో బురదగట్టు మీద పరుగెత్తుకుంటూ పై లాకుకి బయల్దేరాడు. అతను చేరేలోపలే గండి పడింది. నడుమెత్తు మిరపతోటల్లో నీళ్ళు నిలిచి, మొక్కలు ఉన్నవి ఉన్నట్టే వాలిపోయాయి. గండి పూడ్చేదాకా కాలువ కట్టేయడంతో కింద మా ఊరికి చుక్క రాలేదు. పైవాళ్ళకు నీళ్ళెక్కువై పంట పోయింది, మాకు నీళ్ళు లేక పోయింది.

ఊళ్ళన్నీ ఆ లస్కరునే తిట్టాయి. తాగి పడుకున్నాడని ఒకరు, బ్యాటరీ తిరగేసి తగిలించి సెట్టు కాల్చేశాడని ఒకరు. అతన్ని ఉద్యోగంలోంచి పక్కన పెట్టి విచారణ వేశారు. ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్ళేసరికి నాన్న కూడా అదే కోపంతో ఉన్నాడు. నేను ఆయన ముందు కూర్చుని, ఆ సెట్టు మా కంపెనీదని చెప్పాను. ఆయన తలెత్తి చూశాడు.

"నువ్వు చేసిందేనా?"

"నేను చేసింది కాదు నాన్నా. నేను వద్దన్నది."

ఆయన చేతిలో ఉన్న పత్తికాయను పక్కన పెట్టాడు. "మరి ఆ మాట నాతో ఏందమ్మాయ్? చెప్పాల్సిన చోట చెప్పు."

మర్నాడు కంపెనీకి వెళ్ళకుండా ముందు ఆ లాకు దగ్గరికి వెళ్ళాను. లస్కరు గది చిన్న పెంకుటిల్లు. యాసిడ్ వాసనకు గదిలో ఉండలేక బ్యాటరీని బయట చూరు కింద పెట్టుకుని, వెంటిలేటరులోంచి పొడుగాటి తీగలు లోపలికి లాక్కున్నాడు. ఎవరైనా అదే చేస్తారు. నేనెవరో చెప్పగానే అతని మొహం మారిపోయింది.

"మీ సెట్టు కాలింది మీకు. నాకు బతుకు కాలిందమ్మా. పిల్లల్ని బడికి పంపాలంటే సిగ్గేస్తోంది, తాగుబోతోడి పిల్లలంటున్నారంట. నేను ముట్టను కూడా ముట్టను."

ఆ తీగలను అడుగులేసి కొలుచుకుని వచ్చేశాను.

విచారణ కాలువ బంగళాలో జరిగింది. టెస్టు కాగితాల మీద సంతకం పెట్టినతను అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు. తయారీ తెలిసిన వాళ్ళెవరైనా రావాలని ఆఫీసు వాళ్ళు పట్టుబట్టడంతో మేనేజరుగారు తప్పనిసరై నన్ను జీపులో తీసుకెళ్ళారు. దారి పొడవునా నాకు పాఠం చెప్పారు. బ్యాటరీ తిరగేసి తగిలించడం వల్ల కాలిందని ఒక్క మాట చెప్పి కూర్చో, తర్వాత డిజైన్ గదిలో నీ కుర్చీ నీకుంటుంది, హోదాతో సహా, అన్నారు. నేను కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను. ఆయన నా మౌనాన్ని ఒప్పుకోవడం అనుకున్నారు. ఆ కుర్చీ మీద నాకు ఆశ లేదని చెబితే అబద్ధం. ఆ రెండు గంటల దారిలో ఆ కుర్చీలో నేను చాలాసార్లు కూర్చుని లేచాను.

బంగళా వరండా నిండా రైతులున్నారు. మా నాన్న కూడా ఒక స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉన్నాడు. లస్కరు గోడవారగా, చేతులు కట్టుకుని ఉన్నాడు. విచారణకొచ్చిన పెద్ద ఇంజనీరుగారు కాలిపోయిన సెట్టును నా ముందు పెట్టి, దీనికేమైందో చెప్పగలవా అన్నారు. స్క్రూలు విప్పి మూత తీశాను.

"బ్యాటరీ తిరగేసి తగిలిస్తే ముందుగా ఇదిగో ఈ డయోడు పోవాలండి. దాంతోపాటు ఈ ఫ్యూజు పోవాలి. రెండూ బాగానే ఉన్నాయి, చూడండి. పోయింది చివరి ట్రాన్సిస్టరు. అతను బ్యాటరీ సరిగానే తగిలించాడండి."

మేనేజరుగారు, ఈ అమ్మాయి సోల్డరింగ్ చేసే అమ్మాయండీ, తనకు డిజైన్ సంగతి తెలియదు అన్నారు. పెద్ద ఇంజనీరుగారు నా వైపు తిరిగారు. చూపించమంటే చూపిస్తానండి అన్నాను. అదే ఆర్డరులోని ఇంకో కొత్త సెట్టు తెప్పించారు. లాకు గదిలో ఉన్నట్టే బ్యాటరీని వరండా కింద పెట్టించి, పొడుగాటి తీగలు లాగి, బంగళా బయటి యాంటెన్నాకు కలిపి బటను నొక్కాను. ముల్లు కాస్త వణికింది. అంతే. సెట్టు హాయిగా పనిచేసింది. పై లాకు లస్కరు గొంతు స్పష్టంగా పలికింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పలికింది.

మేనేజరుగారు నవ్వారు. వరండాలో ఎవరో, అయితే వాడి తప్పేగా అన్నారు. ఎక్కడ తేడా ఉంది? తీగలు అంతే పొడుగు, బ్యాటరీ అలాంటిదే, సెట్టు అదే కోవకు చెందింది. తలెత్తితే గోడవారగా నిలబడ్డ లస్కరు కళ్ళు నా మీదే ఉన్నాయి. షెడ్డులో పేలిన రోజు సెట్టుకి సరైన యాంటెన్నా లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఆ రోజు యాంటెన్నా ఎలా ఉంది?" అని అడిగాను.

"ఎట్టుంటదమ్మా, తడిసి ముద్దయింది. ఆ వానకి తీగంతా నీళ్ళే."

నేను ఒక బిందె నీళ్ళు అడిగాను. యాంటెన్నా తీగ అతుకు మీద ఆ నీళ్ళన్నీ గుమ్మరించి, లోపలికొచ్చి బటను నొక్కాను. ముల్లు పిచ్చెత్తినట్టు కొట్టుకుంది. టప్‌మన్న చప్పుడు వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినపడింది. కాలిన వాసన గది నిండా కమ్ముకుంది.

పెద్ద ఇంజనీరుగారు నెమ్మదిగా అడిగారు. "ఇది మీ కంపెనీ సెట్టేగా?"

"మా కంపెనీదేనండి. తప్పు సెట్టుదండి, మనిషిది కాదు. దీన్ని బాగుచేసే పద్ధతి కూడా నాకు తెలుసు. పవరు కొంచెం తగ్గుతుంది, తడిసినా ఎండినా పనిచేస్తుంది."

బయటికొచ్చేసరికి జీపు లేదు. మేనేజరుగారు నన్ను అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. నా భోజనం డబ్బా కూడా ఆ జీపులోనే పోయింది. ఉద్యోగం పోయిందని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. నాన్న స్తంభం దగ్గర నుంచి కదిలి వచ్చి, నన్ను పొగడలేదు, ఓదార్చలేదు. "పదమ్మాయ్, ఆకలేస్తోంది" అన్నాడు. ఇద్దరం రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ తిని, పత్తిబోరేలు వేసుకెళ్తున్న లారీ ఎక్కి ఇంటికొచ్చాం.

లస్కరును మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. అతను నాకు కృతజ్ఞతలు చెప్పాడని రాస్తే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. తర్వాత ఆ లాకు మీదుగా వెళ్ళినప్పుడు పలకరించబోతే, మీ సెట్టు మాత్రం మళ్ళీ నా గదిలో పెట్టకండమ్మా అన్నాడు. అతని కోపం న్యాయమైనదే. నాలుగు ఊళ్ళు అన్న మాటలను ఒక కాగితం తుడిచేయలేదు కదా.

కొద్ది నెలలకు పెద్ద ఇంజనీరుగారి దగ్గర నుంచే కబురొచ్చింది, ఉన్న సెట్లన్నీ నేను చెప్పినట్టు మార్చగలనా అని. సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకున్నాను. కింద నుంచి మందుల ఘాటు, మిరప సీజనులో వీధి నుంచి ముక్కు మండించే కోరు, మధ్యలో సోల్డరింగ్ పొగ; రోజంతా తుమ్ముతూనే పనిచేసేదాన్ని. ఒక్కో సెట్టూ విప్పి, నా రెండు కెపాసిటర్లు, నా రెసిస్టరు పెట్టి, యాంటెన్నా అతుకు మీద చెంబుడు నీళ్ళు పోసి, పొడుగు తీగలతో పరీక్షించాకే మూత బిగించేదాన్ని. వద్దని మొత్తుకున్న ఆ లస్కరు గదిలో కూడా చివరికి అది పెట్టాల్సే వచ్చింది. మొదటి రోజు అతను సెట్టుకి రెండు గజాల దూరంలో నిలబడి, పొడుగు కర్రతో బటను నొక్కాడని పై లాకు మనిషి చెప్పి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

తరువాతి కాలంలో మా పాత కంపెనీ సెట్లలో కూడా ఆ మార్పులు కనబడ్డాయి, ఎవరి పేరూ లేకుండా. నాకు దాని మీద బాధ లేదంటే మీరు నమ్మరు, నమ్మకండి. బాధ ఉంది. కానీ ఎవరైనా ఆ మూత విప్పి చూస్తే, ఆ రెసిస్టరు అక్కడెందుకుందో వాళ్ళకు చెప్పగలిగింది నేనొక్కదాన్నే. సత్తెనపల్లి గదిలోనే ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆంప్లిఫయర్లు గీశాను, చీరాల వైపు పడవలకూ, కనిగిరి కొండల వెనక మాట అందని ఊళ్ళకూ. ఏ ఒక్కదానికీ బల్ల మీద పాసయిందని సంతకం పెట్టలేదు. ఎక్కడ పనిచేయాలో అక్కడికి తీసుకెళ్ళి చూశాకే పెట్టాను. దాన్ని పంతమన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, అననివ్వండి.

ఇప్పుడు ఆ పనంతా గోరంత చిప్పులోకి దూరిపోయింది. దాన్ని చూసి నాకు ఈర్ష్య లేదు, ముచ్చటే. నేను రోజుల తరబడి కుస్తీపట్టిన పని అందులో ఎవరో, ఎక్కడో, నాకంటే ఎన్నో రెట్లు బాగా చేశారు. వాళ్ళలో మన వైపు ఆడపిల్లలు కూడా ఉన్నారని తెలుసు, గర్వంగా ఉంటుంది. లాకుల దగ్గర ఇప్పుడు సెట్లు లేవు, లస్కర్లూ పలచబడ్డారు. రైతు చేలో నిలబడి ఫోనులోనే అడుగుతాడు. నీళ్ళు రావన్న సంగతి ఇప్పుడు క్షణంలో తెలిసిపోతుంది, నాన్న ఉంటే దానికీ ఏదో ఒకటి అనేవాడు.

ఈ మధ్య నా ఫోను ఉన్నట్టుండి ఆగిపోతే గుంటూరులో సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, తడి తగిలిందండి, మీవైపు పొరపాటే అంది. విప్పి చూడమ్మా అన్నాను. విప్పడానికి మాకు పర్మిషన్ లేదండి అంది. మరి విప్పకుండా నా పొరపాటని ఎలా చెప్పావని అడిగితే, సిస్టమ్‌లో అలాగే వస్తుందండి అంది పాపం, తనకిచ్చిన మాట తను చెప్పింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. అంత మంచి వస్తువు తయారుచేసిన వాళ్ళలో, తప్పు వస్తువుది, మనిషిది కాదు అని లేచి చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉండే ఉంటారు. వాళ్ళ మాట ఈ కౌంటరు దాకా చేరే దారే లేకుండా పోయింది. మా రోజుల్లో కనీసం వరండా అయినా ఉండేది, అక్కడ నిలబడి వినే మనుషులుండేవాళ్ళు. నేను ఫోను తీసుకుని సంచిలో వేసుకున్నాను. వాళ్ళు కాగితం మీద చూపించిన చోట, పొరపాటు నాదేనని ఒప్పుకుంటూ పెట్టాల్సిన సంతకం మాత్రం పెట్టకుండా వచ్చేశాను.